చెయ్యి పైకి లేపితే

సూర్యాపేట,
జూన్ 9.

కల్పన బిడ్డకు నాయనమ్మ సాలమ్మ రాసేది.

ఇక్కడ అందరం ఉన్నం. ఎట్ల ఉన్నమో చదివితే నీకే తెలుస్తది. నువ్వు మిర్యాలగూడ పోయి పది రోజులాయె. ఫోన్ చేస్తనే ఉన్నవు గని నా చెవులకు గుయ్యిమనే చప్పుడు తప్ప నీ మాట అందుతలేదు. అన్నిటికీ "ఆ, ఆ" అంటున్న. మొన్న నువ్వు ఏందో చెప్పినవు, నేను "ఆ, మంచిది బిడ్డా" అన్న. ఫోన్ పెట్టినంక మీ నాయిన "పిల్ల జొరమొచ్చిందంటే మంచిదంటవేందే అమ్మా" అని నవ్విండు. అప్పటి సంది నాకు బువ్వ సయిస్తలేదు. అందుకే ఉత్తరం. పెద్దోళ్ళ బడిల నేర్చుకున్న అక్షరాలు ఇంకా చేతికున్నయి. తప్పులుంటే నవ్వుకో, చదువుడు మాత్రం ఆపకు.

జొరం తగ్గిందా? నువ్వు పిల్లలకు ఆట నేర్పేది పాడుబడ్డ రైసు మిల్లుల అని మీ నాయిన చెప్పిండు. మిల్లు అంటే ఊక ఉంటది, ఊకల పాములుంటయి. బంతి పోయి కుప్పల పడితే చెయ్యి పెట్టకు, కట్టెతోటి తీయి. పిల్లలతోటి తీయించకు, వాళ్ళూ ఒక తల్లి పిల్లలే.

అన్నిటికన్న చెయ్యి భద్రం. కుడి చెయ్యి భుజం మీదికి లేపొద్దని హైదరాబాద్‌ల డాక్టరు చెప్పిండు. ఆట ఖతమైంది గదా, ఇగ ఇంటి కాడ ఉంటవనుకున్న. నువ్వు కోచ్ అని బయలెల్లినవు. మీ నాయిన టెన్నిస్ క్లబ్బుల మార్కర్ పని చేసుకుంట, ఆడేటోళ్ళకు బంతులందించుకుంట, కోర్టుకు గీతలు కొట్టుకుంట, నీకు ఎనిమిదేండ్లప్పుడు ఆ రాకెట్ చేతికియ్యకపోతే ఇదంతా ఉండకపోవు. అంటే మీ తాతకు కోపం. "సాలీ, పిల్ల లోకం తిరిగొచ్చింది, నువ్వు బజారు దాటలే" అంటడు.

ఆయన కోపం ఇంకోటి పొట్టేలు మీద. దేవుని పేరు మీద విడిచిన మన పొట్టేలు నిన్న పోస్టాయనను కుమ్మింది. ఆయన ఇగ మన వాకిట్లకు వస్తడో రాడో. నువ్వు జవాబు క్లబ్బుకు, మీ నాయిన పేరు మీద రాయి.

నీ నాయనమ్మ.


మిర్యాలగూడ,
జూన్ 21.

నాయనమ్మా,

జ్వరం తగ్గింది. అది ఎండదెబ్బ. ఊక కుప్పలు లేవు, పాములు లేవు. మిల్లు ఆగి ఐదేండ్లయింది. వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు మాత్రం ఎక్కడా పగలకుండా ఉంది, టెన్నిస్ కోర్టు రెండు పట్టేంత. మిల్లు యజమాని కృష్ణమూర్తి సారు గేటు తాళం చేతిల పెట్టి "వడ్లకు పనిపడనంత కాలం ఆడించుకో బిడ్డా" అన్నడు. ఆయన భార్య కోదాడ అవతలి ఆంధ్ర మనిషి. రోజూ వచ్చి గోడ నీడన నిలబడి "ఆడపిల్లలు ఇంత గట్టిగా కొడతారా అండీ" అని ఆశ్చర్యపోతది.

సున్నంతో గీతలు నేనే కొట్టిన. దారం పట్టుకొని మోకాళ్ళ మీద పాకుకుంట, అచ్చం నాన్న లెక్కనే. పద్నాలుగు మంది పిల్లలొస్తున్నరు. ఒకడు రాకెట్‌ను గొడ్డలి పట్టినట్టు పడతడు. హమాలీ పని చేసే హన్మా బిడ్డ సరళ అయితే మొదటి రోజు దాన్ని ముట్టుకోలేదు, పగులుతదేమో అని. నెట్టు లేదు. రెండు రాడ్లకు పాత చీర కట్టిన. గాలి లేస్తే అది పిల్లల మొహాల మీద పడుతున్నది.

చెయ్యి పైకి లేపుతలేను. బంతులు ఎడమ చేత్తోనే అందిస్తున్న. నమ్ము.

ఆపరేషన్ అయినంక మూడేండ్లు ఇంట్ల గోడ దిక్కు తిరిగి పండుకున్న. ఇక్కడ పద్నాలుగు మొహాలు నా దిక్కే చూస్తున్నయి. నాకు ఆడుడు వచ్చు. చెప్పుడు వస్తదో రాదో తెలుస్తలేదు.

ఆ పొట్టేలు ఏ మొక్కుది నాయనమ్మా? పోయిన జాతరకే తీర్చాల్సింది గదా. అది పెరిగి ఎద్దంత అయింది.

నీ కల్పన.


సూర్యాపేట,
జులై 8.

బిడ్డా కల్పనా,

మిర్యాలగూడ బస్సు డ్రైవరు చేతికి ఒక మూట ఇచ్చిన, దింపుకున్నవా? అండ్ల ఉన్నది మన మంద వల. మీ తాత గొర్లు మేపుకుంట చేన్ల పొంటి తిరిగినప్పుడు మంద చుట్టూ కట్టేది. ఇప్పుడు గొర్లు ఆరే మిగిలినయి, వాటికి దొడ్డి చాలు. నడుమ నక్క దూరిన కాడ మీ తాత కొత్త దారంతోటి అల్లిండు, ఆ ముడి మీద బంతి తగిలితే ఏమన్న అయితదా? చీర తీసేసి ఇది కట్టు. కట్టేటప్పుడు నువ్వు చెయ్యి లేపి కట్టకు, ఎవరన్న పొడుగు పిల్లగానితోటి కట్టించు.

మూట కట్టుకుంట మీ తాత "గొర్లను ఆపిన వల, ఇప్పుడు బంతులను ఆపుతదా" అన్నడు. అని మూటకు ఇంకో ముడి వేసిండు.

నీ ఆట నేనెన్నడు చూడలే, నీకు ఎరుకే. క్లబ్బుల నీ పెద్ద ఆట అయినప్పుడు ఊరంతా వచ్చిరి. నేను షెడ్డు వెనక గోడకు మొహం పెట్టి నిలబడ్డ. నువ్వు చెయ్యి లేపి బంతి కొట్టినప్పుడల్లా టప్పుమని చప్పుడు, నా గుండెకాయ మీద కొట్టినట్టు. జనం చప్పట్లు కొడితే నువ్వు గెలిచినవనుకున్న. తర్వాత తెలిసింది, ఆ చప్పట్లు అవతలి పిల్లకని. టీవీల వచ్చినప్పుడు కూడా నేను వంటింట్లకు పోయేదాన్ని. భయం బిడ్డా. ఎందుకని అడిగితే చెప్పరాదు.

పొట్టేలు సంగతి ఇడిసిపెట్టు. దేవుని సొమ్ము, ఉంటది.

చెయ్యి నొస్తుందా? ఈసారి "నమ్ము" అని రాయకు, నొస్తుందో లేదో రాయి.

నాయనమ్మ.


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 15.

నాయనమ్మా,

ఆలస్యానికి కోపం చేయకు. వల కట్టినం. నడుమ తాత అల్లిన చోట కొంచెం వంగుతది, నిజమైన నెట్టు కూడా నడుమనే కిందికి ఉంటది. కొలిచి చూస్తే రెండు వేళ్ళ తేడా కూడా లేదు. పిల్లలు దాన్ని గొర్ల నెట్టు అంటున్నరు. బంతి తగిలితే అందరూ కలిసి "మే" అని అరుస్తరు. ఆపమన్నా ఆపరు.

సరళ చేతిల ఏదో ఉంది. నేను పదేండ్లకు నేర్చింది అది పది వారాలకు కొడుతున్నది. నిన్న దాని తల్లి శాంతాబాయి వచ్చింది. "మేడం, ఇది ఆడితే ఏమైతది? నువ్వు ఆడినవు, ఏమైంది?" అని అడిగింది. తిట్టినట్టు కాదు, తెలుసుకోవాలని అడిగింది. ఏం చెప్పాలె? రైళ్ళల్ల పండుకున్న, పేర్లు పలకరాని ఊర్లకు పోయిన, మొదటి రౌండ్‌ల ఓడి ఆ సాయంత్రమే ఇంకో ఊరికి టికెట్ కొన్న, ప్రపంచంల నాలుగు వందల పద్దెనిమిదో నంబరు దాకా పోయిన, భుజం పోయింది, వచ్చిన. ఇదే గదా నా కథ. "ఏమో అక్కా, నేనైతే మళ్ళా ఇదే ఆడతా" అన్న. ఆమె నా మొహం చూసి పిల్లను ఉంచి పోయింది.

ఫిబ్రవరిల కోదాడల చిన్న పిల్లల పోటీలున్నయి, ఒక ఇంజనీరింగ్ కాలేజీ కోర్టుల. అప్పటికి నలుగురినన్న తయారు చేయాలె.

చెయ్యి బాగుంది. ప్రతి ఉత్తరంల అడగకు.

కల్పన.


సూర్యాపేట,
అక్టోబర్ 3.

కల్పన బిడ్డకు,

అడగొద్దంటే ఎట్ల అడగకుండ ఉంటా? మీ నాయిన ఫోన్‌ల ఒక బొమ్మ చూపెట్టిండు. నువ్వు పిల్లల నడుమ నిలబడ్డవు. కుడి చెయ్యి తలకన్న పైకి ఉంది, రాకెట్ కూడా ఉంది. "బొమ్మ కోసం నిలబడింది అంతే" అని మీ నాయిన అన్నడు, అని ఫోన్ గుంజుకున్నడు. నువ్వు చెప్పంది ఆయనకు ఏందో ఎరుకున్నట్టే ఉంది. నాకే ఎవ్వరు చెప్పరు. చెప్తే భయపడతనని. చెప్పకపోతే నేను భయపడకుండ ఉంటనా? చెప్పింది ఒక్కటైతే ఒక్కటికే భయపడత. చెప్పకపోతే వందకు భయపడాలె.

మొన్న మన వాడకట్టు కిష్ట్యా ఆటో తోలుకొచ్చి మన వాకిట్ల ఆపిండు. పొట్టేలు ఆటో అద్దంల తన మొహమే చూసుకొని ఇంకో పొట్టేలనుకొని కుమ్మింది. అద్దం పలిగింది. మీ తాత "ఏ మొక్కో చెప్పదు, తీర్చదు, ఊరి మీదికి తోలింది" అని రోజంతా అన్నడు. ఈ ఫిబ్రవరిల పెద్దగట్టు లింగమంతుల జాతర ఉన్నది. రెండేండ్లకు ఒక్కసారి. అప్పటి దాకా నేను ఏదో ఒకటి తేల్చుకోవాలె.

వానలు పడుతున్నయి. గచ్చు జారుతది. జర చూసుకో.

నాయనమ్మ.


మిర్యాలగూడ,
నవంబర్ 27.

నాయనమ్మా,

కోర్టు పోయింది.

కోత మొదలైనంక వాన కొట్టింది. ఊర్ల కల్లాలన్నీ తడిసినయి. వేములపల్లి నుంచి కృష్ణమూర్తి సారు అన్నదమ్ముల తడి వడ్లు ట్రాక్టర్ల మీద వచ్చినయి. సారు తల వంచుకొని "మాట ముందే అనుకున్నం గదా బిడ్డా" అన్నడు. అనుకున్నం, నిజమే. నా గీతల మీద మోకాలి లోతు వడ్లు పోసిరి. పిల్లలు కొన్నాళ్ళు కుప్పల పక్కన ఉత్త చేతులతో ఆడిరి. పద్నాలుగు మందిల ఐదుగురు మిగిలిరి.

సరళ రోజూ వస్తున్నది. దాని నాయిన హన్మా అవే వడ్లు మోస్తున్నడు, ఇది గోడకు బంతి కొట్టుకుంటున్నది.

మళ్ళా ఇంటికి వచ్చి గోడ దిక్కు తిరిగి పండుకోవాలనిపిస్తున్నది. ఇది మాత్రం నిజం రాసిన.

కల్పన.


సూర్యాపేట,
డిసెంబర్ 4.

నా తల్లీ కల్పనా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే కూసొని చదువు. మీ తాతకు, మీ నాయినకు ఇది ఎరుక లేదు. జవాబు క్లబ్బుకు కాదు, నా పేరు మీద ఇంటికే రాయి.

కోర్టు వడ్లతోటి పోలే. నాతోటి పోయింది.

నాలుగేండ్ల కింద జాతర నాడు గట్టు ఎక్కిన. అప్పుడు నువ్వు ఏదో దూరపు ఊర్ల ఉన్నవు, పన్నెండు రోజులు ఫోన్ లేదు. జనం "ఓ లింగా" అని ఊగుతున్నరు. నేను నిలబడి మొక్కుకున్న: లింగమంతుల స్వామీ, ఆ ఆట నుంచి నా పిల్లను ఇంటికి తోలియ్యి, మళ్ళా జాతరకు నీ గట్టుకు పొట్టేలును తోలుకొస్త, నీ పక్కనున్న చౌడమ్మ తల్లికి ఇస్త. ఇంటికొచ్చి అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు చెవి గాటు పెట్టి విడిచిన. ఎట్ల తోలియ్యాల్నో చెప్పలే. నాకు అక్కర లేకపాయె. మంచిగ తోలియ్యి అని ఒక్క మాట అననైతి.

ఆర్నెల్లు తిరగలే, పుణెల ఆట నడుమ నీ చెయ్యి పోయింది. నువ్వు ఇంటికొచ్చినవు. నేను అడిగిందే దేవుడిచ్చిండు. మూడేండ్లు నువ్వు గోడ దిక్కు తిరిగి పండుకుంటే నేను నీ వీపు చూసుకుంట కూసున్న.

పోయిన జాతరకు మొక్కు తీర్చలేకపోయిన. జొరమని అబద్ధమాడి ఇంట్ల ముసుగేసుకున్న. తీరిస్తే నీ చెయ్యి ఇరిగినందుకు సంబురంగా ఇచ్చినట్టయితది. తీర్చకపోతే దేవునికి కోపం. ఇప్పుడు నువ్వు లేచి నిలబడ్డవు, మళ్ళా ఇల్లు దాటినవు, ఆయన కోర్టు గుంజుకున్నడు. ఇంకా ఏం గుంజుకుంటడో. ఈసారి తీర్చాల్నా వద్దా? నాకు ఏమీ తోస్తలేదు. నువ్వే చెప్పు. తిట్టాలంటే తిట్టు.

నాయనమ్మ సాలమ్మ.


సూర్యాపేట,
డిసెంబర్ 30.

కల్పనా,

పోస్టాయనను రోజూ అడుగుతున్న. గేటు అవతలనే నిలబడి లేదని చెయ్యి ఊపుతడు. ఫోన్ల మీ నాయినతోటి మాట్లాడుతున్నవంట. నాకు ఇయ్యమనలేదంట.

తిట్టన్న తిట్టు.

నాయనమ్మ.


మిర్యాలగూడ,
జనవరి 11.

నాయనమ్మా,

మూడు ఉత్తరాలు రాసి చింపిన. ఇది నాలుగోది.

కోపం వచ్చింది. దేవుని సంగతి పక్కన పెట్టు. పదిహేనేండ్లు ఆడిన. గుళ్ళకు పోయినవు, దర్గాలకు పోయినవు, కనపడ్డ రాయికల్లా మొక్కినవు. నేను గెలవాలని ఒక్కనాడన్న మొక్కినవా? ఎప్పుడూ ఇంటికి రావాలనే. నేను ఇంటికి వచ్చేది ఓడినప్పుడే నాయనమ్మా. నీకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదా?

ఇది రాసినంక నా మనసు కొంచెం నిమ్మళమైంది. ఇప్పుడు నా దొంగతనం చెప్త.

నువ్వు మొక్కింది ఫిబ్రవరిల. నా భుజానికి మొదటి సూది అంతకు ముందటి దసరాకే పడ్డది. అప్పటికే లోపల చినిగింది. డాక్టరు ఆపమన్నడు. నేను ఆపలే. సూది మీద సూది ఎక్కించుకుంట ఇంకో పది నెలలు ఆడిన. పుణెల కొత్తగా ఏమీ కాలేదు. ఆ రోజు సూది పని చేయలేదు, అంతే. ఇంట్ల అందరూ పుణెలనే పోయిందనుకున్నరు, నేనూ కాదనలే. నీకు తెలిస్తే భయపడతవని. నేను దాచినందుకు నువ్వు ఇన్నేండ్లు ఇంతకన్న పెద్ద భయం మోసినవు. చెప్పకపోతే వందకు భయపడాలె అని రాసినవు చూడు, ఆ ఉత్తరం మళ్ళా తీసి చదివిన.

ఇంకోటి. చెయ్యి లేపుతున్న. మొదటి నుంచీ లేపుతనే ఉన్న. ఎడమ చేత్తో సర్వీస్ చూపిస్తే పిల్లలు తిరగేసి నేర్చుకుంటున్నరు. డాక్టరు లేపొద్దన్నది ఆపరేషన్ అయిన ఆర్నెల్ల వరకే. అది కూడా నీకు చెప్పలే. చెయ్యి లేవదంటే నన్నెవరూ ఆడమని అడగరు గదా, అందుకు. నాన్నకు తెలుసు. ఆయన మీద కోపం చేయకు.

వడ్లు ఎండినయి, ఎత్తుకపోయిరి. గచ్చు ఊడ్చి మళ్ళా గీతలు కొట్టినం. సారు భార్యే చీపురు పట్టింది. తొమ్మిది మంది తిరిగొచ్చిరి. దేవుడు గుంజుకున్నడంటివి గదా, నెలన్నరకు వాపసు ఇచ్చిండు అనుకో.

మొక్కు తీర్చాల్నా వద్దా నేను చెప్పను. నీకూ దేవునికీ నడుమ అది. ఫిబ్రవరి పదహారు ఆదివారం కోదాడల పోటీలు. సరళ ఆడుతున్నది. రమ్మని రాయను. నువ్వు రావు, నాకు తెలుసు.

కల్పన.


సూర్యాపేట,
ఫిబ్రవరి 18.

నా తల్లీ కల్పనా,

కోదాడకు వచ్చిన.

ఎవరికి చెప్పలే. ఆదివారం కిష్ట్యా ఆటోల బస్టాండుకు పోయిన. జాతరకని బస్సులన్నీ చుట్టూ తిప్పి తోలుతున్నరు. దారి పొడుగూత నాకు ఒక్కటే: బస్సు బోల్తా పడితే నేను ఎందుకొచ్చిన్నో కూడా మీకు తెలవదు గదా అని. కాలేజీ గేటు కాడ వాచ్‌మెన్ ఆపిండు. "ఎవరు కావాలమ్మా" అన్నడు. "కోచ్‌ నా మనుమరాలు" అన్న. నా నోటితోటి ఆ మాట అనుడు మొదటిసారి. ఆయన లేచి నిలబడ్డడు బిడ్డా.

నీ ముందలికి రాలే. నీళ్ళ ట్యాంకు వెనక కొంగు కప్పుకొని కూసున్న. నన్ను చూస్తే నువ్వు చెయ్యి లేపవు. నాకు అది చూడాలె. సరళ ఆట మొదలు కాకముందు దాన్ని పక్కకు పిలిచినవు. ఏదో చెప్పినవు. బంతి ఎగరేసినవు. నీ కుడి చెయ్యి పైకి పోయింది, నిండుగ, తల దాటి. నా కండ్లు వాటంతట అవే మూసుకోబోయినయి. మూసుకోనియ్యలే. గోడ లేదక్కడ, మొహం పెట్టుకునేటందుకు. బంతి టప్పుమని పడ్డది. ఆ చప్పుడు చెవులకు సరిగ అందలే, కండ్లతోటి చూసిన. ఇంత అందంగ ఉంటదని ఇన్నేండ్లు నాకెవ్వరు చెప్పలే. చెప్పినా నేను వంటింట్లనే ఉంటి.

సరళ మొదటిది గెలిచింది. రెండోది ఓడింది. ఓడినంక నువ్వు దాని మెడ మీద చెయ్యేసి ఏందో అంటే అది నవ్వింది. ఓడి నవ్విన పిల్లను నేను చూడలే. నీకు అట్ల ఎవరూ చెయ్యెయ్యలే గదా అని ఏడుపొచ్చి బస్సు ఎక్కిన.

నిన్న గట్టుకు పోయిన. మీ తాతా నేను పొట్టేలును తోలుకపోయినం. దారిల నలుగురిని కుమ్మింది. పైకెక్కి స్వామి ముందల నిలబడ్డ. అన్న: స్వామీ, నేను అడిగింది తప్పు. పిల్ల చెయ్యి నువ్వు తీయలే, నేను ఇయ్యలే. ఆ మొక్కు నేను వాపసు తీసుకుంటున్న. నీకు కోపమొస్తే నా మీద పెట్టుకో, దాని జోలికి పోకు. ఇంకోటి కూడా అడిగిన. సరళ వచ్చే ఏడు రెండోది కూడా గెలవాలె అని. ఏమీ ఇస్తనని ఆశ పెట్టలే, ఊరికే అడిగిన. గెలవాలని మొక్కుడు ఎట్లుంటదో నేర్చుకుంటున్న.

పొట్టేలును ఇంటికి తోలుకొచ్చినం. మీ తాత దారి పొడుగూత నా మొహమే చూసిండు. "ఇంత ధైర్యం ఎప్పటి నుంచే సాలీ" అన్నడు. ధైర్యం ఏం లేదు. పలుపు చేతిలకెల్లి రెండు సార్లు జారింది. ఉత్త చేతులతోటి పోతే బాగుండదని చౌడమ్మకు కోడిని ఇచ్చిన, అది వేరే సంగతి.

పొద్దున లేచి చూస్తే పొట్టేలు మేత మేస్తున్నది. ఇల్లు అట్లనే ఉన్నది. మధ్యాహ్నం దాకా ఏమీ కాలే. ఇంకా చూస్తున్న.

ఒక్కటే అడుగుత. చెయ్యి నొస్తుందా? నొస్తే నొస్తుందని రాయి.

నీ నాయనమ్మ.


మిర్యాలగూడ,
ఫిబ్రవరి 22.

నాయనమ్మా,

నీళ్ళ ట్యాంకు వెనక ఎర్రంచు కొంగు నాకు కనపడ్డది. చూసినంకనే లేపిన.

నొస్తుంది. చలికి ఎక్కువ, ఎండకు తక్కువ. ఆదివారం నాలుగు బంతులు కొట్టినంక బాగా నొచ్చింది, రాత్రి ఐసు పెట్టుకున్న. సోమవారం సగం. నిన్న కొంచెం.

ఇయ్యాల లేదు.

నీ కల్పన.